తండా కట్టుకున్న చరిత్ర

నల్లగొండ జిల్లా త్రిపురారం, మిర్యాలగూడ లంబాడీ తండాల్లో అవ్వలు కట్టే అద్దాల ఫేటియాకూ, గ్వాటెమాలా కొండల్లో మాయా స్త్రీలు నేసుకునే వీపిల్‌కూ మధ్య సముద్రాల దూరం ఉంది. వాటి కష్టం మాత్రం ఒకటే. చేతిపనిగా బతకాలా, పండగ వేషంగా మిగిలిపోవాలా అన్న ప్రశ్నను రెండూ ఎదుర్కొంటున్నాయి. జవాబు వెతుకుతున్న చోట్లు కూడా ఉన్నాయి. వాటి నుంచి మన తండాలు ఏం నేర్చుకోవచ్చు?

శ్రావణం వచ్చిందంటే త్రిపురారం చుట్టుపక్కల తండాల్లో తీజ్ సందడి మొదలవుతుంది. పెళ్లికాని ఆడపిల్లలు చిన్న బుట్టల్లో మట్టి నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పూటపూటా నీళ్లు పోసి, చుట్టూ చేరి పాటలు పాడుతూ మొలకలను పచ్చగా పెంచుతారు. ఆఖరి రోజు ఆ బుట్టలను నెత్తిన పెట్టుకుని చెరువుకో వాగుకో ఊరేగింపుగా వెళ్తారు. డప్పుల చప్పుడు, పాట, ఆట. తండా అంతా ఎర్రటి బట్టల మీద అద్దాల తళతళే.

ఆ ఊరేగింపును కాస్త దగ్గర నుంచి చూస్తే రెండు తరాలు రెండు రకాలుగా కనిపిస్తాయి. ముందు నడిచే పిల్లల ఒంటి మీద కొత్తగా కుట్టించినవి, బజారులో కొన్నవి, పండగ కోసం అడిగి తెచ్చుకున్నవి. వాటిలో అద్దాల బదులు మెరిసే ప్లాస్టిక్ బిళ్లలు, సూదిపని బదులు మిషన్ ఎంబ్రాయిడరీ, నూలు బదులు పాలిస్టర్. వెనక నడిచే అవ్వల ఒంటి మీదవి మాత్రం వాళ్లే కుట్టుకున్నవి, లేదా వాళ్ల అమ్మలు కుట్టి అత్తారింటికి ఇచ్చి పంపినవి. రంగు కాస్త వెలిసినా కుట్టు చెదరలేదు. పిల్లలు తమ బట్టలు సాయంత్రానికి విప్పి పెట్టెలో పెడతారు. అవ్వలు మర్నాడు పొద్దున అవే కట్టుకుని పనికి పోతారు.

ఆ రెండు వరసల మధ్య దూరాన్ని గురించే ఈ కథనం. ఈ దూరం ఒక్క నల్లగొండ జిల్లాదే కాదు. గ్వాటెమాలాలో, మెక్సికోలో, పెరూలో, అమెరికాలోని నవాహో నేలలో కూడా ఆదివాసీ స్త్రీలు తమ బట్ట గురించి ఇదే బాధ పడుతున్నారు, పోరాడుతున్నారు, కొన్నిచోట్ల గెలుస్తున్నారు.

కుట్టు కుట్టుకీ ఒక పేరు

లంబాడీ స్త్రీ దుస్తుల్లో ముఖ్యమైనవి మూడు. నడుం నుంచి మడమల దాకా కుచ్చులు కుచ్చులుగా దిగే ఫేటియా. వీపు మీద తాళ్లతో ముడివేసుకునే కాంచళి. తల మీంచి వెనక్కి జారే టుక్రి. ఫేటియాకు నడుం దగ్గర గట్టి కుట్టుపని చేసిన పట్టీ, కింద రంగురంగుల అంచులు. కాంచళికి ఛాతీ మీద, భుజాల మీద అద్దాల పలకలు. టుక్రికి నుదుటి మీదికి వచ్చేచోట బరువైన కుట్టుపని, దాని అంచున గవ్వలో బిళ్లలో. చెంపల పక్కన జడపాయలకు వేలాడే వెండి ఘుగ్రీలు, చేతుల నిండా గాజులు. గాజులు ఒకప్పుడు దంతంవి, తర్వాత ఎముకవి, ఇప్పుడు ప్లాస్టిక్‌వి. పెళ్లయిందా లేదా, భర్త ఉన్నాడా లేడా అన్నది కూడా ఆ నగలూ గాజులే చెబుతాయి.

అద్దం కుట్టే తీరు చూస్తే ఈ పనిలోని నేర్పు తెలుస్తుంది. అద్దానికి రంధ్రం ఉండదు. జిగురు పెట్టరు. బిళ్లను బట్ట మీద బొటనవేలితో అదిమి పట్టి, ముందు అడ్డంగా రెండు, నిలువుగా రెండు దారాలు లాగుతారు. అద్దం ఆ నాలుగు దారాల చట్రంలో ఇరుక్కుంటుంది. తర్వాత సూదిని చట్రం కిందుగా దూర్చి, బట్టలో గుచ్చి పైకి తీసి, దారాన్ని మెలివేస్తూ అద్దం చుట్టూ తిరిగివస్తారు. మెలిక పడినకొద్దీ చట్రం దారాలు అంచులకు జరుగుతాయి. మధ్యలో అద్దం గుండ్రంగా బయటపడుతుంది. దారం వదులైతే అద్దం జారిపోతుంది. బిగువు ఎక్కువైతే బట్ట ముడుచుకుపోతుంది. ఆ బిగువు ఎంత ఉండాలో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. అది వేళ్లకు తెలియాలి.

ఇది ఒక్క అద్దం పని. ఒక్కో కాంచళి మీద ఇలాంటి అద్దాలు పదుల్లో ఉంటాయి. వాటి మధ్య ఖాళీని నింపే కుట్లు వేరు. కర్ణాటకలోని సండూరు ప్రాంతంలో లంబాణీలుగా పిలిచే లంబాడీ స్త్రీల పనిలో 14 రకాల కుట్లకు పేర్లున్నాయి. కిలన్, వేలె, బక్యా, మకీ, సూర్యకాంతి మకీ, రేలో, కౌడీ, నక్రా వాటిలో కొన్ని. కొన్ని నేరుగా సాగే వరసలు, కొన్ని మెట్లు మెట్లుగా ఎక్కే త్రికోణాలు, కొన్ని అంచులకు గట్టిదనం ఇచ్చే అల్లికలు. బట్ట మీద పెన్సిలు గీత ఉండదు, అచ్చు ఉండదు. ముతక నూలు బట్టలో పోగులు లెక్కపెట్టుకుంటూ పోవడమే. లెక్క తప్పితే త్రికోణం వంకరపోతుంది. బడి ముఖం చూడని అవ్వ చేతిలో ఉన్న గణితం అది.

ఎద్దుల బిడారు నుంచి ఎడమ కాలువ దాకా

ఈ బట్ట ఎందుకిలా ఉందో తెలియాలంటే ఎద్దుల బిడారును తలచుకోవాలి. బంజారాలని కూడా పిలిచే లంబాడీలు శతాబ్దాల పాటు దేశానికి సరుకు రవాణాదారులు. వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి చేర్చేవాళ్లు. 17వ శతాబ్దంలో మొఘల్ సేనలు దక్కన్‌కు దిగినప్పుడు వాటి వెంట తిండిగింజలు మోసుకొచ్చింది వీళ్లే. ఇల్లంటూ లేనివాళ్లకు బీరువా ఎక్కడిది? ఉన్న ఆస్తి ఒంటి మీదే ఉండాలి. వెండి నగైంది. రూపాయి నాణెం హారంలోకి చేరింది. మాల్దీవుల నుంచి వచ్చి ఒకప్పుడు మన దేశంలో చిల్లరగా చెల్లిన గవ్వ, చెల్లుబాటు పోయాక కూడా టుక్రి అంచున నిలిచింది. ముళ్లదారుల్లో నడిచేవాళ్ల బట్ట చిరగకూడదు కాబట్టి మోటు నూలు, దాని మీద గట్టి కుట్టు.

రైలు వచ్చాక ఎద్దు ఓడిపోయింది. ఉప్పు వ్యాపారం బ్రిటిష్ వాళ్ల గుప్పిట్లోకి పోయింది. 1871లో వచ్చిన నేరజాతుల చట్టం నీడ తిరుగుడు జాతుల మీద పడినప్పుడు బంజారాలూ తప్పించుకోలేకపోయారు. తరతరాలుగా దేశానికి ఉప్పు అందించినవాళ్లు పోలీసు లెక్కల్లోకి ఎక్కారు. ఆ చట్టం 1952లో గానీ పోలేదు. ఈలోగా బిడార్లు ఆగినచోటే తండాలయ్యాయి. తెలంగాణ ప్రాంతంలో లంబాడీలకు షెడ్యూల్డ్ తెగల హోదా 1976 చట్టంతో వచ్చింది. 2011 జనగణన నాటికి తెలంగాణలో వాళ్లు 20 లక్షలకు పైనే. రాష్ట్రంలో అతిపెద్ద గిరిజన సమూహం వాళ్లదే. 2018లో వచ్చిన పంచాయతీరాజ్ చట్టంతో వందలాది తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి.

త్రిపురారం, తిరుమలగిరి సాగర్, దామరచర్ల, అడవిదేవులపల్లి, అటు పాలకీడు, మఠంపల్లి, చివ్వెంల. మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట దాకా ఎటు వెళ్లినా తండాలు తగులుతాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లతో ఇక్కడ వరి విస్తరించింది. మిర్యాలగూడ రైసు మిల్లుల ఊరయింది. నాట్లకూ కలుపులకూ పోయే తండా ఆడవాళ్లకు మోకాలి లోతు బురదలో బరువైన ఫేటియా పనికి అడ్డం. చీర తేలిక, నైటీ ఇంకా తేలిక. పిల్లలు హాస్టళ్లకు, కాలేజీలకు వెళ్లాక పంజాబీ డ్రెస్సు వచ్చింది. ఎవరి బట్ట వాళ్ల ఇష్టం. చీర కట్టుకున్న లంబాడీ ఆడబిడ్డను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ కొత్త తరంలో కట్టడంతో పాటు కుట్టడం కూడా ఆగిపోయింది. నష్టం అక్కడ జరిగింది.

నడుముకు కట్టుకున్న మగ్గం

ఇప్పుడు భూగోళానికి అటువైపు వెళ్దాం. మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో 2018 జనగణన ప్రకారం మాయా ప్రజలు 60 లక్షలకు పైగా ఉన్నారు. దేశ జనాభాలో పదిమందిలో నలుగురు. మాయా స్త్రీ తొడుక్కునే పైవస్త్రం పేరు వీపిల్. రెండు మూడు పలకలుగా నేసి, అంచులు కలిపి కుట్టి, తల దూరేందుకు మధ్యలో సందు వదులుతారు. దాని కింద చుట్టుకునే వస్త్రం కోర్తే. నడుముకు నేసిన పట్టీ.

వీపిల్ నేసే మగ్గానికి చట్రం లేదు, కాళ్లు లేవు, గుంట లేదు. కొన్ని కర్రలు, ఒక తాడు, ఒక పటకా. పడుగు ఒక కొసను చెట్టుకో స్తంభానికో కడతారు. రెండో కొసను పటకాతో తన నడుముకే కట్టుకుని నేసే స్త్రీ మోకాళ్ల మీద కూర్చుంటుంది. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. మగ్గంలో సగం ఆమె శరీరమే. పేక దారంతో పాటు రంగు దారాలను వేళ్లతో ఎత్తి పడుగులో ఇరికిస్తూ పువ్వు, పక్షి, వజ్రం ఆకారాలను తెస్తుంది. మంచి వీపిల్ ఒకటి తయారవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పని మధ్యలో పిల్లవాడు ఏడిస్తే మగ్గాన్ని చుట్టి పక్కన పెట్టి లేచిపోవచ్చు. ఇంటి పనుల సందుల్లో ఇమిడే మగ్గం కాబట్టే అది స్త్రీల చేతుల్లో ఇన్ని శతాబ్దాలు నిలిచింది. స్పెయిన్ వాళ్లు తెచ్చిన కాలిమగ్గం ఎక్కువగా మగవాళ్ల పనయింది.

వీపిల్ చూస్తే ఊరు తెలుస్తుంది. సంతియాగో అతిత్లాన్ వాళ్ల పక్షులు వేరు, చిచికస్తెనాంగో వాళ్ల నమూనా వేరు, కొమలపా వాళ్ల ఎరుపు వేరు. తోదోస్ సాంతోస్ ఊళ్లో మగవాళ్లు కూడా ఎర్ర చారల లాగులు వదల్లేదు. సంతకు వచ్చిన మనిషిది ఏ ఊరో అడగనక్కర్లేదు.

ఆ గుర్తింపే ఒక దశలో ప్రాణాల మీదికి తెచ్చింది. 1960 నుంచి 1996 దాకా సాగిన గ్వాటెమాలా అంతర్యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా చనిపోయారు, లేదా ఆచూకీ లేకుండా పోయారు. ఐక్యరాజ్యసమితి అండతో ఏర్పడిన సత్యశోధన సంఘం 1999లో ఇచ్చిన నివేదిక ప్రకారం, గుర్తించిన బాధితుల్లో 83 శాతం మంది మాయాలే. ఏ ఊరి వీపిల్ వేసుకుంటే ఆ ఊరి మనిషని సైనికులకు తెలిసిపోతుంది కాబట్టి, పారిపోయిన స్త్రీలు ముందు తమ బట్టను వదిలేశారు. మాయా కిచే స్త్రీ రిగోబెర్తా మెంచూ 1992లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. ఆమె ప్రపంచ వేదికల మీద ఎప్పుడూ తన జాతి బట్టలోనే కనిపించడం వెనక ఇంత చరిత్ర ఉంది.

మన తండాల మీద అలాంటి యుద్ధం జరగలేదు. కానీ బట్టను బట్టి మనిషిని తక్కువ చేసే చూపు ఇక్కడా ఉంది. ఫేటియా కట్టుకున్న తల్లి బడికి వస్తే సిగ్గుపడే పిల్లలున్నారంటే, ఆ సిగ్గు పిల్లల్లో పుట్టింది కాదు. బస్సులో, ఆఫీసు గుమ్మంలో, ఆస్పత్రి వరండాలో పడే చూపులు నేర్పింది. మన సినిమాలు లంబాడీ వేషాన్ని పాటకు రంగుగా వాడుకుని వదిలేశాయి. తుపాకీ భయంతో మాయా స్త్రీ బట్ట మార్చింది. చులకన భయంతో మన తండా ఆడబిడ్డ మార్చింది.

నల్లగొండ పోగు, గ్వాటెమాలా పోగు

లంబాడీలు నేతగాళ్లు కారు. బట్ట నేసేది వేరే చేతులు, దాని మీద సూదిపని చేసేది తండా. ఉమ్మడి నల్లగొండ జిల్లా అదృష్టం ఏమిటంటే ఈ రెండు చేతులూ ఇక్కడే ఉన్నాయి. ఒకవైపు తండాలు, ఇంకోవైపు పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం మగ్గాలు.

పోచంపల్లి నేతలో అద్దకం బట్ట మీద జరగదు, పోగుల మీదే జరుగుతుంది. నేయకముందే పోగులను కట్టలుగా పట్టి, రంగు అంటకూడని చోట గట్టిగా కట్టు కట్టి, రంగులో ముంచుతారు. కట్టు విప్పి, ఇంకోచోట కట్టి, మళ్లీ ముంచుతారు. మగ్గమెక్కాక ఆ రంగులు ఒకదాని పక్కన ఒకటి చేరి బొమ్మవుతాయి. పడుగు, పేక రెండింటికీ ఇలా కట్టు కట్టి, రెండూ కలిసేచోట బొమ్మ కుదిరేలా నేయడం పుట్టపాక ప్రత్యేకత. అక్కడి తేలియా రుమాలుకు వాడే నూలును ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. అందుకే ఎరుపు, నలుపు రంగులు పోగులోపలికి దిగుతాయి. ఈ విద్యను నిలబెట్టిన గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీ అందుకున్నారు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది.

ఇదే విద్యను గ్వాటెమాలాలో హాస్పే అంటారు. సల్కహా పట్టణంలో కోర్తేల కోసం పోగులను ఇలాగే కట్టి నీలిరంగులో ముంచుతారు. మెక్సికోలో సాంతా మరియా దెల్ రియో పేరు చెబితే అందరికీ గుర్తొచ్చే రెబోసో శాలువా ఇదే పద్ధతిలో తయారవుతుంది. ఈక్వడార్‌లోని గ్వలసేయో మకానా శాలువాదీ ఇదే దారి. పుట్టపాక నేతగాడిని సల్కహాలో దించితే భాష అర్థం కాకపోవచ్చు గానీ, కట్టు ఎక్కడ పడాలో, ముడి ఎప్పుడు విప్పాలో చూడగానే చెప్పగలడు.

ఇంకో బంధం మన చేలల్లోనే ఉంది. ఈరోజు నల్లగొండ, సూర్యాపేట చెలకల్లో పండే పత్తి జాతి పుట్టిల్లు మెక్సికో. వేల ఏళ్ల కింద అక్కడి ఆదివాసీలు అడవి మొక్కను మచ్చిక చేసి పత్తిపంటగా మార్చారు. పొడుగు పింజ రకాన్ని దక్షిణ అమెరికా పడమటి తీరం వాళ్లు సాగుచేశారు. పెరూలోని వాకా ప్రియెటాలో దొరికిన, నీలిమందు అద్దిన నూలు బట్ట ముక్కల వయసు సుమారు 6,000 ఏళ్లని 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఇప్పటిదాకా బయటపడిన నీలి అద్దకపు బట్టల్లో అత్యంత పాతవాటిలో అవి ఉన్నాయి. అంత పాతకాలంలోనే ఆదివాసీ చేతులు నూలు నేసి, నీలి అద్దుతున్నాయి. మన చేలో విచ్చుకునే పత్తికాయ వాళ్ల కష్టానికి వారసత్వం. ఆ చేలల్లో పత్తి తీసే చేతుల్లో తండా చేతులు ఎన్నో!

పేరు ఎవరిది, లాభం ఎవరికి?

చేతిపనికి పెద్ద శత్రువు దాని నకలు. మన దగ్గర పోచంపల్లి డిజైన్‌ను పవర్‌లూమ్ బట్ట మీద అచ్చు కొట్టి అమ్మడం రోజూ చూస్తున్నదే. గ్వాటెమాలాలో ఫ్యాక్టరీ బట్ట మీద వీపిల్ బొమ్మను ముద్రించి చవగ్గా అమ్ముతున్నారు. నెలల శ్రమ ఒకవైపు, నిమిషాల ముద్రణ ఇంకోవైపు. కొనేవాళ్ల కంటికి దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

గ్వాటెమాలా నేతకత్తెలు ఊరుకోలేదు. సకతెపెకెస్ ప్రాంతపు మహిళా సంఘం ఆఫెదెస్ ముందుండగా, మాయా స్త్రీలు 2016లో రాజ్యాంగ న్యాయస్థానం తలుపు తట్టారు. తమ నేత నమూనాలు తమ సమాజాల ఉమ్మడి ఆస్తి అని, వాటికి చట్టం రక్షణ ఇవ్వాలని అడిగారు. 2017లో ఆ న్యాయస్థానం వాళ్ల నేతకు రక్షణనిచ్చే చట్టం చేయాలని పార్లమెంటుకు సూచించింది. చట్టం తేవడానికి వాళ్లు ఇంకా కష్టపడాల్సి వచ్చినా, ఒక మాట దేశం ముందు నిలిచింది. ఒక నమూనాకు కర్త ఒక్క మనిషే కానక్కర్లేదు, ఊరంతా కావచ్చు.

అమెరికాలో నవాహో ప్రభుత్వం తమ జాతి పేరును బట్టల మీద వాడుకున్న అర్బన్ అవుట్‌ఫిటర్స్ కంపెనీ మీద 2012లో దావా వేసింది. 2016లో రాజీ కుదిరింది. మెక్సికోలో వహాకా రాష్ట్రపు త్లహుయితోల్తెపెక్ ఊరి రవిక నమూనా 2015లో పారిస్ ఫ్యాషన్ సరుకులో కనిపించినప్పుడు ఆ ఊరు గొంతెత్తింది. ఇలాంటి గొడవలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాక, ఆదివాసీ సమాజాల సాంస్కృతిక ఆస్తిని కాపాడే చట్టాన్ని మెక్సికో 2022 జనవరిలో తెచ్చింది.

మనకు దగ్గరలో సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లోనే జీఐ గుర్తింపు దక్కింది. 2023 జులైలో హంపీలో జీ-20 సంస్కృతి సమావేశం జరిగినప్పుడు, 450 మందికి పైగా లంబాణీ స్త్రీలు కుట్టిన 1,755 పనులను ఒకేచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. ఆ స్త్రీలతో పనిచేసే సండూరు కుశల కళా కేంద్రం అంత పని చేయగలిగిందంటే, అక్కడ స్త్రీలకు ఏళ్ల తరబడి పని, కూలి, మార్కెట్ దొరికాయి కాబట్టే. రికార్డు తర్వాతి సంగతి. ముందు ఉపాధి.

మరిచిన చేతులు మళ్లీ నేర్చుకున్నాయి

పోయిన విద్య తిరిగిరాదని నిరాశపడేవాళ్లకు తమిళనాడులోని సిట్లింగి లోయ జవాబు. ధర్మపురి జిల్లాలోని ఆ లోయలో లంబాడీ తండాలున్నాయి. అక్కడ స్త్రీలు సంప్రదాయ దుస్తులు మానేసి రెండు తరాలు గడిచాయి. కుట్టుపని దాదాపు మరుగున పడింది. ఆ లోయలో ఆస్పత్రి నడుపుతున్న ట్రైబల్ హెల్త్ ఇనిషియేటివ్ సంస్థ వైద్యురాలు లలితా రెజి చొరవతో, పెద్దవయసు స్త్రీలు తమకు గుర్తున్న కుట్లను చిన్నవాళ్లకు నేర్పడం మొదలుపెట్టారు. పాత బట్టల అంచులు చూసి కుట్టు తీరును అర్థం చేసుకున్నారు. ఆ ప్రయత్నం పోర్గై పేరుతో స్త్రీల సంఘమైంది. వాళ్లు అచ్చం పాత ఫేటియాలే కుట్టాలనుకోలేదు. అవే కుట్లను కుర్తాల మీద, దిండ్ల గలేబుల మీద, సంచుల మీద వేశారు. కూలికి ఊరు విడిచి పోకుండా ఇంటిపట్టున ఆదాయం వచ్చింది.

పెరూలోని కుస్కోలో నేతకత్తె నిల్దా కల్యన్యావ్పా 1996లో ఏర్పాటుచేసిన సంప్రదాయ వస్త్ర కేంద్రం కూడా ఇదే దారిన నడిచింది. ఆండీస్ కొండల ఊళ్లలోని ముసలి నేతకత్తెల దగ్గర పిల్లలను కూర్చోబెట్టి నేర్పించారు. పాత రంగుల తయారీని మళ్లీ మొదలుపెట్టారు. నాగజెముడు మీద బతికే చిన్న పురుగు నుంచి తీసే ఎరుపు మళ్లీ దారాలకెక్కింది.

ఈ రెండు చోట్లా గెలిచింది ఒకే సూత్రం. ముసలి చేతులు ఉండగానే పిల్లల చేతులను వాటి పక్కన కూర్చోబెట్టారు. నేర్చుకున్న పనికి డబ్బు ముట్టింది. పని కింద పేరు పడింది. ఈ మూడింటిలో ఒకటి లోపించినా విద్య నిలవదు. కూలి లేకపోతే పిల్లలు రారు. పేరు లేకపోతే దళారీ బాగుపడతాడు. నేర్పే చేయి పోతే డబ్బు పెట్టినా ఏమీ దొరకదు.

త్రిపురారం నుంచి మొదలుపెడదాం

మన తండాల్లో ఏం చేయాలో చెప్పడానికి కమిటీలు అక్కర్లేదు. దారి కళ్ల ముందే ఉంది.

మొదటిది రికార్డు. త్రిపురారం నుంచి మఠంపల్లి దాకా తండా తండాకూ వెళ్లి, పాత ఫేటియాలు, కాంచళులు, టుక్రీలను ఫొటోలు తీయాలి. ఒక్కో కుట్టు ఎలా వేస్తారో వీడియో తీయాలి. లంబాడీల భాష గోర్ బోలిలో ఆ కుట్టు పేరు, కుట్టిన స్త్రీ పేరు, తండా పేరు రాయాలి. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయ విద్యార్థులు, తండాల్లోనే పుట్టి డిగ్రీలు చదివిన యువతీయువకులు ఒక వేసవిలో మొదలుపెట్టగలిగే పని ఇది. పాత బట్టలను కిలోల లెక్కన కొనుక్కుపోయి నగరాల దుకాణాల్లో ముక్కలు చేసి సంచులుగా అమ్మే వ్యాపారం ఆగకుండా నడుస్తోంది. ఒక్కో ఫేటియా తండా దాటినప్పుడల్లా ఒక పాఠ్యపుస్తకం పోతున్నట్టే.

రెండోది కూలి. చేతికుట్టుకు ముక్కల లెక్కన కాకుండా గంటల లెక్కన ధర కట్టాలి. ఒక అద్దానికి ఎంత సేపు పడుతుందో లెక్కవేసి, వ్యవసాయ కూలికి తగ్గకుండా ఇవ్వాలి. నాట్లకు పోతే వచ్చేదానికన్నా తక్కువ వస్తే ఏ తల్లీ తన కూతుర్ని సూది పట్టమనదు. మహిళా పొదుపు సంఘాలు ఇప్పటికే తండాల్లో ఉన్నాయి. వాటి ద్వారానే దారం, బట్ట, అద్దాలు కొని, పని పంచి, అమ్మకం చూడవచ్చు.

మూడోది నేత, సూది కలవడం. పుట్టపాకలో నేసిన నూలు బట్ట మీద తండా కుట్టు పడితే అది ఉమ్మడి నల్లగొండ జిల్లా తప్ప ప్రపంచంలో ఇంకెవరూ ఇవ్వలేని వస్త్రమవుతుంది. మగ్గానికీ పని, సూదికీ పని. ఇద్దరి పేర్లూ ఆ బట్ట అంచున ఉండాలి. ఒకప్పుడు మగ్గమెక్కేముందు దారాన్ని ఆసు పోయడానికి చేయి వేల సార్లు ఆడించాల్సి వచ్చేది. ఆ బాధ చూడలేక ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి కోసం ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అయ్యారు. ఆయన యంత్రం తల్లి భుజం నొప్పి తీసింది, నేతను తీసెయ్యలేదు. తండా కుట్టుకూ అలాంటి ఆలోచనే కావాలి. కంటికి శ్రమ తగ్గించే వెలుతురు, నడుంనొప్పి రాని కూర్చునే వసతి, చేతిపని మాత్రం చేతిలోనే.

కొనేవాళ్ల పని కూడా ఉంది. పెళ్లికో పండక్కో లంబాడీ తరహా బట్ట కొనే పట్నంవాళ్లు అది ఏ తండాలో, ఎవరు కుట్టారో అడగాలి. దుకాణదారు జవాబు చెప్పలేకపోతే అది తండా పని కాదని అర్థం. తక్కువ ధరకు నకలు కొని సంస్కృతిని గౌరవించామనుకోవడం తప్పు.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి వచ్చే బడ్జెట్ దాకా ఆగక్కర్లేదు. ఈ ప్రాంతంలో లంబాడీ ఆడపిల్లలు చదువుతున్న గిరిజన గురుకులాలున్నాయి. ఒక్కో గురుకులానికి దగ్గరి తండా నుంచి కుట్టు తెలిసిన ఒక అవ్వను ఉపాధ్యాయురాలిగా పిలవాలి. డ్రాయింగు మాస్టారుకు ఇచ్చినట్టే ఆమెకూ జీతం ఇవ్వాలి, కుర్చీ వేయాలి, వారానికి రెండు పీరియడ్లు ఇవ్వాలి. ఆమె తన ఫేటియా కట్టుకునే క్లాసుకు రావాలి. అది కట్టుకున్న మనిషిని టీచర్ అని పిలిచి లేచి నిలబడటం అలవాటైన పిల్లలకు, ఆ బట్టను చూసి సిగ్గుపడటం ఇక ఎవరూ నేర్పలేరు.